దౌడుకి ముందు ఒక్క అడుగు

గుర్రం పరుగు బాగుపడాలంటే ఏం చేయాలి? ఇంకాస్త పరిగెత్తించాలి అంటారు ఎవరైనా. డ్రెస్సేజ్‌లో మాత్రం ఆ లెక్క పనిచేయదు.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన టీమ్ గోల్డ్ కొట్టింది చూడండి, ఆ ఆటే డ్రెస్సేజ్. అనూష్ అగర్వాలాకు విడిగా బ్రాంజ్ కూడా వచ్చింది. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న మైదానంలో రౌతు సైగ పైకి కనిపించకుండా గుర్రం నడక మార్చాలి. మామూలు నడక వాక్, హుషారు నడక ట్రాట్, తీరైన దౌడు కాంటర్.

కాంటర్‌ది మూడు దెబ్బల తాళం. ఎడమవైపు తిరిగేటప్పుడు ముందు కుడి వెనక కాలు పడుతుంది. తర్వాత ఎడమ వెనక కాలు, కుడి ముందు కాలు ఒకేసారి. చివర్లో ఎడమ ముందు కాలు. ఆ వెంటనే ఒక్క క్షణం నాలుగు కాళ్లూ గాల్లో! వెనక కాళ్లలో ఊపు లేకుండా పగ్గాలు లాగి నెమ్మది చేస్తే ఆ జంట విడిపోతుంది. తాళం నాలుగు దెబ్బలవుతుంది.

వీకెండ్స్‌లో నేను రైడింగ్ నేర్చుకునే చోట ఒక పద్నాలుగేళ్ల గుర్రం పరిస్థితి ఇదే. బరువంతా ముందు కాళ్ల మీదే. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే ఆ కాళ్లు ఎన్నాళ్లు తట్టుకుంటాయి? మా కోచ్ ముందు డాక్టర్‌కి చూపించారు, జీను సరిగ్గా కూర్చుంటోందో లేదో చూశారు. ఆ తర్వాత కాంటర్‌లో చక్కర్లు పూర్తిగా ఆపేశారు.

ఇప్పుడు 20 మీటర్ల వలయంలో ట్రాట్, వాక్, మళ్లీ ట్రాట్. తర్వాత ట్రాట్ నుంచి కాంటర్, ఆరేడు అడుగులకే తిరిగి ట్రాట్. ప్రతి మార్పుకీ ముందు హాఫ్ హాల్ట్: నడుం నిలబెట్టి, కాలు ఆనించి, పగ్గం క్షణం పట్టి వదలడం. 'రెడీనా?' అని గుర్రాన్ని అడగడం అన్నమాట. భుజాలు కాస్త లోపలికి తెస్తే లోపలి వెనక కాలు పొట్ట కిందికి వస్తుంది. ఇవి కుదిరాకే వాక్ నుంచి నేరుగా కాంటర్. అక్కడ ట్రాట్ ఇచ్చే వేగం ఉండదు, వెనక కాళ్లే నెట్టాలి.

మా ఆఫీసులోనూ అంతేగా? బగ్ కనిపించిన చోట కాదు, పుట్టిన చోట సరిచేయాలి.

ఇప్పుడు ఏడెనిమిది అడుగుల దాకా మూడు దెబ్బలూ స్పష్టంగా వినిపిస్తున్నాయి. చెడిపోక ముందే ఆపి, మెడ నిమిరి, పగ్గాలు వదులు చేస్తాం. అలసిపోయాక ఇంకో రౌండ్ అంటే నేర్పేది తప్పు తాళమే.

ఈసారి డ్రెస్సేజ్ వీడియో కనిపిస్తే కాంటర్ కంటే ముందు అడుగు చూడండి. అసలు పని జరిగేది అక్కడే.