పందెం తీసేస్తే నిలవని వ్యాపారం

రమ్మీ, పోకర్ నైపుణ్యంతో ఆడే ఆటలనీ, వాటిని నడిపే సక్రమ వ్యాపారాన్ని కేంద్రం 2025లో తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో నేరంగా మార్చేసిందనీ, దీనివల్ల కంపెనీలు రాత్రికి రాత్రి మూతపడతాయనీ ఏ23 యాప్‌ను నడిపే హైదరాబాద్ సంస్థ అదే ఏడాది ఆగస్టు నెలాఖరులో కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. ప్రభుత్వం పౌరుల మీద పెత్తనం చేస్తోందని కూడా ఆరోపించింది. ఇలాంటి వ్యాజ్యాలన్నిటినీ సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు తన దగ్గరకు రప్పించుకుంది. తీర్పు రావడానికి ఎంత కాలం పడుతుందో గానీ, పిటిషన్‌కు ఆయువుపట్టు లాంటి ఆ నైపుణ్య వాదన మాత్రం నిజాయతీ లేనిది. ఆ మాట ఇప్పుడే, గట్టిగా చెప్పాలి. ఈ పరిశ్రమ ఏళ్ల తరబడి ఏ తీర్పు వెనక దాక్కుంటోందో ఆ తీర్పు తెలుగు గడ్డ మీది కేసులోనే వచ్చింది.

ముందు ‘రాత్రికి రాత్రి మూత’ సంగతి చూద్దాం. కొత్త చట్టం పేకముక్కలను నిషేధించలేదు. ఫోన్లో రమ్మీ ఆడుకోవచ్చు, పోకర్ ఆడుకోవచ్చు, ఎదుటివాడి ఎత్తు పసిగట్టి గెలవొచ్చు. యాప్ నడిపేవారు నెలకింత అని చందా వసూలు చేసుకోవడానికీ చట్టంలో వీలుంది. ప్రవేశ రుసుము, బహుమతులు ఉండే ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు కూడా ఇచ్చారు. ఆటల్లో చట్టం వద్దన్నది ఒక్కటే: డబ్బు వస్తుందనే ఆశతో డబ్బు ఒడ్డించే ఆట. పందెం ఒక్కటి పక్కన పెట్టి మిగతాదంతా నడుపుకోండని చెబితే, మరునాటికి మా కంపెనీ ఉండదంటున్నారు. అంటే ఇన్నాళ్లూ జనం దగ్గర సొమ్ము చేసుకున్నది దేనిని? నైపుణ్యాన్నే అయితే పందెం పోయినా నైపుణ్యం పోదు కదా. జ్ఞాపకశక్తి, లెక్క, ఓర్పు అంటూ ప్రకటనల్లో కీర్తించిన గుణాలన్నీ ఉచిత ఆటలోనూ అలాగే ఉంటాయి. పందెం లేకపోతే తమ దగ్గర కొనదగ్గ సరుకు లేదని ఆ పిటిషనే ఒప్పుకుంటోంది. దీనికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పోకర్‌లో నైపుణ్యం లేదని మేం అనడం లేదు. ఉంది. చేతిలోని రెండు ముక్కలు, బల్ల మీది అయిదు ముక్కలు చూసుకుని ఎంత కాయాలో, ఎప్పుడు వదిలేయాలో తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా ఉంటుంది. వెయ్యి ఆటలు సాగితే ఆ తేడా మరింత స్పష్టంగా తేలుతుంది. కంపెనీల వాదన తిరగబడేది సరిగ్గా ఇక్కడే.

ఒక లెక్క వేద్దాం. సమాన నైపుణ్యం ఉన్న ఆరుగురు తలా వెయ్యి రూపాయలతో ఆన్‌లైన్ పోకర్ బల్ల దగ్గర చేరారనుకోండి. బల్ల మీద మొత్తం ఆరు వేలు. గంటకు 60 ఆటలు, ఒక్కో ఆటలో సగటున వంద రూపాయల పందెం, అందులో కంపెనీ కమీషన్ నూటికి అయిదు. గంటకు 300 రూపాయలు కంపెనీ ఖాతాకు పోతాయి. పందేలు అదే స్థాయిలో సాగితే ఇరవై గంటల్లో కంపెనీకి చేరేది ఆరు వేలు. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ తప్పుగా ఆడలేదు. అయినా ఆరుగురూ తెచ్చుకున్నంత సొమ్మూ పోయింది. వారి నైపుణ్యం వారికి పైసా మిగల్చలేదు.

ఇప్పుడు ఆ ఆరుగురిలో ఒకరు నిజంగా ఆరితేరినవారనుకోండి. అతను కమీషన్ కట్టి కూడా లాభంతో లేస్తాడు. అతని లాభం, కంపెనీ కమీషన్ రెండూ మిగతా అయిదుగురి జేబుల్లోంచే రావాలి. ఆటలో నైపుణ్యం పాలు ఎంత ఎక్కువైతే కొత్తవాడు ఓడటం అంత ఖాయం. లాటరీలోనైనా రాజుకూ కూలీకీ అవకాశం ఒక్కటే. ఇక్కడ ఆటను ఔపోసన పట్టినవాడి ఎదుట నిన్నగాక మొన్న యాప్ దించుకున్న కుర్రాణ్ణి కూర్చోబెట్టి, ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకుంటారు. నైపుణ్యం ఉందన్న మాట ఈ వ్యాపారానికి సమర్థన కానేరదు. అదే దాని మీద మోపాల్సిన అభియోగం. ఎవరు ఎంత ఆడతారో, ఎక్కడ ఓడిపోతారో, ఓడాక ఎంతసేపటికి మళ్లీ డబ్బు వేస్తారో కంపెనీ సర్వర్లకు తెలుసు. ఆ సంగతి ఆడే మనిషికి తెలియదు. సమాన నైపుణ్యం మాట అలా ఉంచి, సమాన సమాచారమైనా లేని చోట ‘పోటీ’ అనే పేరే తగదు.

ఇక సుప్రీంకోర్టు తీర్పు. ఈ యాప్‌లవాళ్లు నోరు తెరిస్తే ఉదహరించేది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసునే. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో కొందరు రమ్మీ ఆడుతుండగా 1963లో పోలీసులు పట్టుకున్నారు. హైకోర్టు వారిని వదిలేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళితే 1967 నవంబరులో అక్కడా ఓడింది. రమ్మీలో పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో ఆలోచించాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని జస్టిస్ హిదయతుల్లా రాశారు. కంపెనీలు ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేస్తున్నాయి. అదే తీర్పులో, ఆట మీద పందేలు నడిపి క్లబ్బు యజమాని లాభం గడిస్తున్నట్టు సాక్ష్యం ఉంటే నేరం నిరూపించవచ్చని కూడా ఆయన రాశారు. ఆ క్లబ్బు వసూలు చేసింది ముక్కలకూ వసతికీ చిన్నపాటి రుసుమేనని, అది లాభార్జన కిందకు రాదని తేలబట్టే వారు బయటపడ్డారు. ఆన్‌లైన్ కంపెనీ సంపాదనలో ప్రధానమైనది ప్రతి ఆటలో తీసుకునే కోతే. ఆ తీర్పు వీరికి రక్షణగా నిలవదు. చివరిదాకా చదివితే వీరినే వేలెత్తి చూపుతుంది.

పైగా ఆ తీర్పులో పోకర్ పేరే లేదు. మన ఊళ్లలో ఆడే మూడు ముక్కలాట లాంటివి పూర్తిగా అదృష్టం మీద ఆధారపడినవని అందులోనే ఉంది. రమ్మీకి దొరికిన మినహాయింపును నెమ్మదిగా పోకర్ దాకా లాగి, అక్కడ నుంచి మరికొన్ని ఆటల దాకా సాగదీశారు. పోకర్ జూదమని 2017లో గుజరాత్ హైకోర్టు, కేవలం ఊహల ఆధారంగా దానికి అనుమతి నిరాకరించకూడదని 2024లో అలహాబాద్ హైకోర్టు అన్నాయి. పశ్చిమ బెంగాల్ చట్టం పోకర్‌ను జూదం నిర్వచనం నుంచి తప్పించింది, నాగాలాండ్ లైసెన్సులు ఇచ్చింది, గోవా, సిక్కిం క్యాసినోలకు తలుపులు తీశాయి. ఒకే ముక్కలతో ఆడే ఒకే ఆట సరిహద్దు దాటగానే నేరమో వ్యాపారమో అయిపోయే ఈ అయోమయం కంపెనీలకు పదేళ్లు బాగా కలిసొచ్చింది.

రేపల్లె క్లబ్బులో సాయంత్రం నలుగురు పెద్దలు వేసుకునే పదమూడు ముక్కలాటకూ ఫోన్లో ఆడించే ఆటకూ పోలికే లేదు. అక్కడ బల్ల దగ్గర కూర్చున్నవాడు ఎంత పోగొట్టుకున్నాడో పక్కవాడికి తెలుస్తుంది. ‘ఇక చాలు, ఇంటికి పద బావా’ అని లేవదీసేవారుంటారు. క్లబ్బుకు తాళం వేసే వేళ ఒకటి ఉంటుంది. ఫోన్‌కు ఆ వేళ లేదు. కల్లంలో ధాన్యం అమ్మిన డబ్బు కౌలు రైతు ఖాతాలో పడ్డ రోజునా, చేపల వేట నిషేధంతో నిజాంపట్నం బోట్లు ఒడ్డునే ఉండే 61 రోజుల్లోనూ, తెనాలి రైల్లో కాలేజీకి వెళ్లే పిల్లవాడి చేతిలోనూ అదే యాప్, అదే బోనస్ ఆశ. ఓడిన డబ్బు యూపీఐలో క్షణాల్లో వెళ్లిపోతుంది. ఇంట్లో భార్యకు తెలిసేసరికి బంగారం తాకట్టులో ఉంటుంది, లోన్ యాప్‌వాడు ఫోన్లో బంధువులందరికీ సందేశాలు పంపుతుంటాడు. ఈ బాకీల బాధ భరించలేక ప్రాణాలు తీసుకున్నవారి వార్తలను రెండు తెలుగు రాష్ట్రాల పత్రికలూ ఎన్నోసార్లు మోశాయి. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని కేంద్రం చెప్పింది. తమ ఆదాయం ఏటా 31 వేల కోట్లని పరిశ్రమ సంఘాలే హోంమంత్రి అమిత్ షాకు రాసిన లేఖలో గొప్పగా చెప్పుకున్నాయి. ఆ డబ్బు ఏ పొలంలోనూ పండలేదు, ఏ మగ్గం మీదా నేసింది కాదు. ప్రధానంగా అది ఆటగాళ్ల పందేల్లోంచి కోసుకున్నదే.

ప్రకటనల బాధ్యత కూడా తక్కువేం కాదు. వ్యసనం కావచ్చు, ఆర్థిక నష్టం ఉండొచ్చు అని చివరి రెండు క్షణాల్లో ఎవరికీ అర్థం కానంత వేగంగా చదివేసి, మిగతా సమయమంతా అభిమాన నటుడి నవ్వుతో గెలుపు చూపించారు. 2025 ఆగస్టులో ఈడీ ఎదుట హాజరై బయటికొచ్చిన ఒక తెలుగు కథానాయకుడు, తాను ప్రచారం చేసింది బెట్టింగ్ యాప్‌కు కాదని, చట్టబద్ధమైన గేమింగ్ యాప్‌కని విలేకరులకు చెప్పారు. నైపుణ్యం పేరుతో వేసిన ముసుగు ఎంతదాకా పనికొస్తుందో దీన్ని బట్టే తెలుస్తోంది.

నిషేధం పెడితే జనం విదేశీ యాప్‌ల వైపు మళ్లుతారన్న భయం నిజమే. వాటికి చెల్లింపుల దారులు మూసేయాల్సింది బ్యాంకులు, కేంద్రమే. రెండు లక్షల ఉద్యోగాలు పోతాయన్న ఆవేదన కూడా విస్మరించదగ్గది కాదు. ఆ ఉద్యోగాలు చేసే ఇంజినీర్లకు చేతిలో విద్య ఉంది. ఆడి అప్పులపాలైనవాడికి అదీ లేదు.

మన రాష్ట్ర ప్రభుత్వం ఈ కేసును ఢిల్లీకి వదిలేసి ఊరుకోవడం తగదు. 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను ఆంధ్రప్రదేశ్ నిషేధించింది. 132 సైట్లు, యాప్‌లను ఆపాలని ఆ ఏడాది అక్టోబరులో కేంద్రానికి లేఖ రాసింది. రాష్ట్రం ఒక్కటే గీత గీస్తే ఫోన్ దాన్ని ఎంత సులువుగా దాటుతుందో అయిదేళ్లు చూసింది. ఆ అనుభవాన్ని సుప్రీంకోర్టు ముందు పెట్టే అర్హత మన ప్రభుత్వానికి ఉంది. 1967 కేసులో ఓడిన పక్షం కూడా మనదే కాబట్టి, యజమాని లాభం గురించి ఆ తీర్పు చెప్పిన మాటను ధర్మాసనానికి గుర్తుచేయాల్సింది ముందుగా మన అడ్వొకేట్ జనరలే.

అదే సమయంలో మన చట్టాన్నీ సరిదిద్దుకోవాలి. 2020లో నిర్వాహకులకు మొదటిసారి ఏడాది, రెండోసారి రెండేళ్ల జైలు అంటూనే, ఆడినవారికీ ఆరు నెలల దాకా జైలని మంత్రివర్గం ప్రకటించింది. కొత్త కేంద్ర చట్టం ఆడినవారిని శిక్షించదు. ఆడించినవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా వేస్తుంది. న్యాయమైన వరస ఇది. మన దగ్గర మాత్రం పేకాట శిబిరంపై దాడి అనగానే ముందు ఆడినవాళ్లను నేల మీద కూర్చోబెట్టి, ముక్కలూ నోట్లూ ఎదుట పరిచి ఫొటో తీస్తారు. బోర్డు నడిపి ఆటకింత కోసుకున్నవాడు ఆ ఫొటోలో ఉండడు. ఇది సిగ్గుచేటు. రాష్ట్ర చట్టంలో ఆడేవారికి జైలు శిక్షను ఎత్తేయాలి. అరుగు మీద స్నేహితులతో, ఎవరికీ కోత ఇవ్వకుండా రూపాయి పాయింటుకు రమ్మీ వేసుకునేవాడి జోలికి పోలీసులు వెళ్లకూడదు. బాపట్ల జిల్లాలో గానీ మరెక్కడ గానీ, క్లబ్బులోనైనా తోటలోనైనా యాప్‌లోనైనా, ప్రతి ఆటలో కమీషన్ తీసుకునేవాడి మీద కేసు పెట్టాలి, అతని ఖాతాలు స్తంభింపజేయాలి. ఈ సవరణ వచ్చే శాసనసభ సమావేశాల్లోనే జరగాలి.