తీగ కొసకూ మార్కులు కావాలి

ప్రాజెక్టు వైవాలో ప్రోగ్రాము గురించి పది ప్రశ్నలడుగుతారు. తీగ ఎలా లాగావోయ్ అని ఒక్కరూ అడగరు. ఇది సబబు కాదు.

1957లో ప్రారంభమైన మన ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు, గేట్లు 70. 1983లో వచ్చిన ఆర్‌ఎస్‌-485 పద్ధతిలో, వేగం తగ్గిస్తే, మెలిపెట్టిన జంట తీగ మీద సమాచారం పోగల దూరం కూడా ఇంచుమించు అంతే. గేటు గేటుకీ సెన్సారు పెట్టి ఒకే తీగకు కలిపామనుకోండి. కాలువ తలుపు ఠక్కున దించితే అల వెనక్కి మళ్ళినట్టే, కొస వదిలేసిన తీగలో సంకేతం వెనక్కి మళ్ళి, తర్వాత వచ్చేదాన్ని చెడగొడుతుంది. అందుకే రెండు కొసలా తీగకు సరిపడే 120 ఓంల రెసిస్టరు ఉండాలి, మధ్యలో ఉండకూడదు. కొమ్మలు పొట్టిగా ఉండాలి. కరెంటు తీసి మీటరు పెడితే సుమారు 60 ఓంలు చూపాలి. పావుగంట పని!

బల్లమీద రెండు గజాల తీగ రెసిస్టరు లేకున్నా పనిచేస్తుంది. మోసమంతా అక్కడే. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందే, అలాంటి రోజున నీటిమట్టం అంకె తప్పితే?

గురువులారా, వైరింగుకు మార్కులు పెట్టండి. మిత్రులారా, స్క్రూడ్రైవరు పట్టడం నామోషీ అనుకోకండి.