విపత్తు ప్రణాళికలో కార్మికునికి చోటేది?

2025 సెప్టెంబరు 23వ తేదీ తెల్లవారేసరికి కోల్‌కతా నగరం నీట మునిగి ఉన్నది. ఇరవైనాలుగు గంటలు తిరగకముందే 250 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసింది. దుర్గాపూజకు పందిళ్లు లేస్తున్న రోజులవి. పదిమందికి తగ్గకుండా ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులను బలిగొన్నది వరద కాదు, నిలిచిన నీటిలోకి ప్రవహించిన విద్యుత్తు. పొట్టకూటికై పొద్దున్నే వీధిలోకి వచ్చినవారు వారిలో ఉన్నారు.

శవాలు ఇళ్లకు చేరకముందే నిందారోపణలు మొదలైనవి. ఈ నగరంలో విద్యుత్ సరఫరా ప్రైవేటు కంపెనీ చేతిలో ఉన్నది, వీధిదీపాలు కార్పొరేషన్ చేతిలో ఉన్నవి, అగ్నిమాపక దళం రాష్ట్ర ప్రభుత్వానిది. ఏ వీధిలో మోకాలిలోతు నీరు నిలిస్తే ఎవరు, ఎవరికి చెప్పి, ఏ లైను ఆపించవలెను? ఈ ప్రశ్నకు సమాధానం ముందే వ్రాసి ఉంచుకొనుటనే ప్రణాళిక అంటారు. అధికారుల టెలిఫోను నంబర్ల పట్టికను ప్రణాళిక అనరు.

ఆ సమాధానంలో సగం ఇప్పటికే కార్మికుని వద్ద ఉన్నదని మేము చెప్పదలచినాము. కోల్‌కతా నేల నదివైపుకు కాక తూర్పున ఉన్న చిత్తడి భూములవైపుకు వాలి ఉంటుంది. హుగ్లీలో పోటు వచ్చినప్పుడు లాకు గేట్లు మూయవలసిందే. లేనిచో నది నీరే నగరంలోకి వస్తుంది. ఆ గంటలలో నగరానికి దిక్కు పామర్ బ్రిడ్జి వంటి పంపింగ్ కేంద్రాలు, వాటిని నడిపే మనుషులు. ఏ కాలువలో పూడిక ఎంత ఉన్నదో, ఏ సందు ముందుగా మునుగుతుందో, ఏ స్తంభం వద్ద తీగ బయటపడి ఉన్నదో పంపు ఆపరేటరుకు, పారిశుధ్య మజ్దూరుకు, లైన్‌మన్‌కు తెలుసు. వారిని పిలిచి కూర్చోబెట్టి అడగక తయారైన కాగితం మొదటి వానకే తేలిపోతుంది.

2020 మే 20న ఉంఫున్ తుఫాను వచ్చినప్పుడు కూడా జరిగినది ఇదే. వేల చెట్లు కూలినవి. పలు పేటలకు రోజుల తరబడి వెలుతురు లేదు, నీరు లేదు. ప్రజలు రోడ్లమీద బైఠాయించినారు. చెట్లు నరుకుటకు సైన్యం రావలసి వచ్చినది, ఒడిశా నుండి దళాలు రావలసి వచ్చినవి. కార్పొరేషన్ కమిషనరును బదిలీ చేసినారు. ఒక్క బదిలీతో చెట్టు కొమ్మ కూడా కదలదు. అంతకు కొద్దిరోజుల ముందే ఎన్నికైన పాలకవర్గం గడువు ముగిసినది. మళ్లీ ఎన్నికలు జరిగినది 2021 డిసెంబరులో.

హుగ్లీ తీరపు జనపనార మిల్లులలో పనికి ఉత్తరాంధ్ర నుండి వచ్చిన మనవారికి ఈ కథ కొత్తది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ధ్వంసం చేసినప్పుడు అక్కడా ఎన్నికైన కౌన్సిలు లేదు. 2012లో గడువు తీరిన తరువాత 2021 వరకు ఆ నగరానికి ఎన్నికలే లేవు.

ఇక చట్టం సంగతి. 2005 విపత్తు నిర్వహణ చట్టం 41వ సెక్షన్ ప్రకారం తన ఉద్యోగులకు శిక్షణ ఇచ్చుట, సామగ్రిని సిద్ధంగా ఉంచుట స్థానిక సంస్థ విధి. 2025లో వచ్చిన సవరణ రాష్ట్ర రాజధానులకు, కార్పొరేషన్ నగరాలకు పట్టణ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థలను కల్పించినది. మంచిదే. కాని దానికి అధ్యక్షుడు కమిషనరు, ఉపాధ్యక్షుడు కలెక్టరు. ప్రజలెన్నుకున్న మేయరుకు ఆ పీఠం లేదు. కార్మికుని పేరైతే ఎక్కడా లేదు.

ఇది ఇంజనీర్ల పని, సంఘాలకేమి సంబంధమని కొందరు అధికారులు మాతో అంటూ ఉంటారు. 2021 ఫిబ్రవరిలో కుద్‌ఘాట్ వద్ద మ్యాన్‌హోల్‌లో నలుగురు కార్మికులు చనిపోయినారు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కోల్‌కతాతో సహా ఆరు మహానగరాలలో మురుగుగుంటలలోకి మనుషులను దింపరాదని ఆదేశించినది. ఫిబ్రవరి 2న బాన్‌తలాలో మరి ముగ్గురు అందులోనే ప్రాణాలు విడిచినారు. మామూలు రోజున వానలేని వేళ ఇంత నిర్లక్ష్యం ఉన్నచోట, తుఫాను రాత్రి కాంట్రాక్టు కార్మికుని నడుములోతు నీటిలోకి పంపువారు ఏ రక్షణ ఇస్తారో పాఠకులే ఊహించుకొనగలరు.

మా కోరికలు పెద్దవి కావు. పట్టణ ప్రాధికార సంస్థలో పంపు, పారిశుధ్య, విద్యుత్ కార్మికుల ప్రతినిధులుండవలెను. నిత్యం ఉండే పనికి పర్మినెంటు ఉద్యోగులుండవలెను. కాంట్రాక్టు కార్మికునికి కూడా బూట్లు, గ్లౌజులు, బీమా ముందుగానే అందవలెను. నీరు నిర్ణీత మట్టం దాటినదని పంపింగ్ కేంద్రం నుండి కబురు అందిన వెంటనే ఆ ప్రాంతపు సరఫరా ఆపుటకు కంపెనీ కట్టుబడి ఉండవలెను; పైఅధికారి సంతకం కొరకు వేచి ఉండరాదు. కోల్‌కతా కార్పొరేషన్‌లో 144 వార్డులున్నవి. ప్రతి వార్డు ఆఫీసు గోడమీద, వర్షకాలం రాకముందే, ఆ రాత్రి డ్యూటీలో ఎవరుంటారో, లైను ఎవరు ఆపిస్తారో బెంగాలీలో, హిందీలో, ఉర్దూలో, మనవారున్న పేటలలో తెలుగులో వ్రాసి అంటించవలెను.