పిజ్జా మీద వంకాయకు చోటేది?

అమెరికాలో పిజ్జా కూరగాయల కిందికి వస్తుందా రాదా అన్న తగవు 2011లో ఏకంగా అక్కడి కాంగ్రెస్ దాకా వెళ్లింది. బడి భోజనంలో రెండు టేబుల్‌స్పూన్ల టమోటా పేస్టును అరకప్పు కూరగాయలుగా లెక్కగట్టే పాత పద్ధతిని మార్చాలని వ్యవసాయ శాఖ ప్రయత్నించింది. ఫ్రోజెన్ ఫుడ్ కంపెనీలు గగ్గోలు పెట్టాయి. చట్టసభ కంపెనీల మాటే విన్నది. పిజ్జా ముక్క మీది ఎర్రటి పూత పిల్లల పళ్లెంలో కూరగాయగానే చెలామణి అయ్యింది.

మన దేశంలో తగవు చీజ్ దగ్గర వచ్చింది. పిజ్జాపై చల్లే ఒకరకం టాపింగ్‌ను చీజ్‌గానే లెక్కించి తక్కువ పన్ను వేయాలని ఒక వ్యాపార సంస్థ కోరితే, 2022లో హర్యానా జీఎస్టీ అప్పిలేట్ అథారిటీ ఒప్పుకోలేదు. అందులో వంటనూనె బాగా కలిసింది కాబట్టి అది చీజ్ కాదని తేల్చి 18 శాతం శ్లాబులో పెట్టింది. ఏది కూరగాయో, ఏది చీజో పద్దులు రాసేవాళ్లు తేల్చాల్సిన పరిస్థితి వచ్చాక, ఈ గొడవంతా ఎందుకు, ఇంట్లోనే చేసుకుందామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

ఆలోచన మంచిదే. అమలే తేడా కొడుతోంది.

సూపర్‌మార్కెట్ నుంచి రెడీమేడ్ బేస్, సీసాలో సాస్, ప్యాకెట్లో తురిమిన చీజ్ వస్తాయి. ఇక ఇంటి తరఫున కలిసేది నాలుగు క్యాప్సికం చీలికలు, గుప్పెడు స్వీట్‌కార్న్, కాసిన్ని ఉల్లిపాయ ముక్కలు. డోమినోస్, పిజ్జా హట్ మన దేశంలో అడుగుపెట్టింది 1996లో. అప్పటినుంచీ వెజ్ పిజ్జా అంటే ఇంతేనన్న లెక్క మనసుల్లో స్థిరపడిపోయింది. గొలుసు దుకాణానికి ఆ లెక్క అవసరమే. ఏడాది పొడవునా దొరికేవి, తరిగి పెట్టినా వాడనివి, ఏ ఊళ్లో తిన్నా ఒకే రుచి వచ్చేవి దానికి కావాలి. ఇంటికి ఆ బెడద లేదు. అయినా రైతుబజారులో లేత వంకాయలు, బీరకాయలు, ఉల్లికాడలు, తోటకూర కట్టలు దాటుకుంటూ వెళ్లి మరీ స్వీట్‌కార్న్ ప్యాకెట్ కొంటున్నారు. దుకాణానికి నకలు తీయడానికి ఇంట్లో శ్రమ పడటం దేనికి?

వంకాయ వేస్తే అది పిజ్జా ఎలా అవుతుందని మొహం చిట్లించేవాళ్లు ఇటలీ వైపు ఓసారి చూడాలి. సిసిలీలో వేయించిన వంకాయ ముక్కలతో నోర్మా పిజ్జా చేస్తారు. ఓర్తొలానా అనే తోట కూరగాయల పిజ్జాలో వంకాయ, జుకినీ, క్యాప్సికం ముందుగా నిప్పు మీద కాల్చి వేస్తారు. నేపుల్స్‌లో ఫ్రియారియెల్లి అనే కాస్త చేదున్న ఆకుకూరను వెల్లుల్లి, ఎండుమిర్చితో నూనెలో మగ్గించి పిజ్జా మీద పరుస్తారు. ఆకుకూర వేపుడు చేసే తెలుగింటికి ఈ పద్ధతిలో కొత్తేముంది? అదే నేపుల్స్‌లో పాతకాలం నుంచీ ఉన్న మారినారా పిజ్జాలో టమోటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె తప్ప చీజ్ ఊసే ఉండదు.

ఇంటి పిజ్జా మీద కూరగాయలు కుదరకపోవడానికి అసలు కారణం వేడి. నేపుల్స్ కట్టెల పొయ్యి 430 డిగ్రీల పైన మండుతుంది. పిజ్జా ఒకటి ఒకటిన్నర నిమిషంలో బయటికొస్తుంది. ఇంట్లో ఓటీజీ ఓవెన్ గరిష్ఠంగా 230, 250 డిగ్రీల దగ్గర ఆగుతుంది, పది నిమిషాలైనా పడుతుంది. క్యాప్సికంలోనూ టమోటాలోనూ 90 శాతానికి పైగా నీళ్లే. పచ్చి ముక్కలు వేస్తే ఆ పది నిమిషాల్లో నీళ్లన్నీ పిండిమీదికి దిగుతాయి. మధ్యలో తడి ముద్ద, అంచున గట్టి అప్పడం.

అందుకే పని ముందే మొదలుపెట్టాలి. వంకాయను పావు అంగుళం మందాన చక్రాలుగా తరిగి, ఉప్పు రాసి, జల్లెడలో అరగంట ఉంచితే మీద ముత్యాల్లా నీటి బొట్లు పేరుకుంటాయి. గుడ్డతో ఒత్తి తుడిచి, చెంచాడు నూనెతో పెనం మీద రెండు వైపులా గోధుమరంగు మచ్చలు పడేదాకా కాల్చాలి. బీరకాయ చెక్కు తీసి సన్నగా తరిగి, తడి పూర్తిగా ఇంకేదాకా వేయించాలి. మగ్గిన కూర పచ్చిదాంట్లో సగం చోటే తీసుకుంటుంది కాబట్టి అదే పిజ్జా మీద రెట్టింపు పడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంది. అలంకారానికి చల్లిన చీలికలతో అది తీరదు. మనిషికి నూట యాభై గ్రాముల పచ్చి కూరను మగ్గించి పరిస్తే ఆ లెక్కలో మూడో వంతుకు మించే వస్తుంది.

టమోటా సంగతీ ఇంతే. మదనపల్లె మార్కెట్లో 2023 జులైలో కిలో వంద దాటిన టమోటా, ధర పడిపోయిన రోజుల్లో రోడ్ల మీద పారబోతకు వస్తుంది. చౌకగా దొరికినప్పుడు రెండు కిలోలు తురిమి, వెల్లుల్లి, ఉప్పు వేసి గరిటె జారుడుగా దగ్గరపడేదాకా ఉడికించి ఫ్రీజర్లో పెట్టుకుంటే నెల్లాళ్లు సాస్ కొనక్కర్లేదు. గోంగూర అభిమానులకు ఒక మాట: ఆ పులుపు టమోటా పులుపుతో పోట్లాడుతుంది. గోంగూర వేస్తే సాస్ మానేసి వేయించిన ఉల్లిపాయ వేయడమే మేలు.

ఇంత చేసినా ఇది పథ్యపు తిండి అయిపోదు. మైదా మైదానే, చీజ్‌లో ఉప్పు ఉప్పే. సగం గోధుమపిండి కలపొచ్చు. మర పట్టించిన పిండి ఎక్కువ నీళ్లు తాగుతుంది కాబట్టి చపాతీ పిండికంటే మెత్తగా కలపాలి. మొత్తం గోధుమపిండే అయితే తవుడు వల్ల సాగుడు తగ్గి బేస్ రొట్టెలా గట్టిపడుతుంది. పావుకిలో పిండికి పావు చెంచా ఈస్టు చాలు. కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే చక్కగా పులిసి రుచి వస్తుంది.

ఓవెన్ లేదని ఆగక్కర్లేదు. మందపాటి ఇనుప పెనాన్ని బాగా కాల్చి, సాగదీసిన పిండిని దానిమీద వేయాలి. అడుగున మచ్చలు పడగానే తిరగేసి, కాలిన వైపు సాస్, కూర, కొద్దిగా చీజ్ వేసి, మూతపెట్టి సన్న మంట మీద నాలుగైదు నిమిషాలు ఉంచాలి. పైన ఓవెన్‌లో వచ్చేంత ఎరుపు రాదు, అడుగు మాత్రం కరకరలాడుతుంది. మూతకు పట్టిన ఆవిరి నీళ్లు మళ్లీ పిజ్జా మీదే కారకుండా, మూతను పైకెత్తకుండా పక్కకు జరిపి తీయాలి.