వెన్న జిల్లా మారింది - మన కంచం మారదా?

గుండెపోటు, చక్కెర జబ్బు కుర్చీలో కూర్చునే పట్నవాసులకు వచ్చేవని పల్లెల్లో ఇంకా చాలామంది అనుకుంటున్నారు. ఒళ్ళు వంచి పనిచేసేవాడికి ఏం తిన్నా అరిగిపోతుందని మన ధీమా. ఈ ధీమా ఎంత ప్రమాదమో తెలియాలంటే ఐరోపాలోని ఫిన్లండ్ దేశంలో ఒక పల్లెటూళ్ళ జిల్లా అనుభవం చూడాలి.

రష్యా సరిహద్దున ఉన్న ఆ ప్రాంతం పేరు ఉత్తర కరేలియా. అక్కడివారిలో పాడి రైతులు, అడవిలో కలప కొట్టే కూలీలు ఎక్కువ. అయినా 1970 ప్రాంతంలో గుండెజబ్బుతో నడివయసు మగవారు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా చనిపోతున్న చోట్లలో అది ఒకటి. రొట్టె మీద మందంగా వెన్న, మీగడ తీయని పాలు, కొవ్వు మాంసం, మెండుగా ఉప్పు వారి తిండి. కూరగాయలు, పళ్ళు అంతంతమాత్రం. దానికి పొగతాగుడు తోడైంది.

మహజరుతో మొదలు

1971లో ఆ ప్రాంత ప్రతినిధులు తమను ఆదుకోవాలని ప్రభుత్వానికి మహజరు సమర్పించారు. మరుసటి ఏడాది పెక్కా పుస్కా అనే యువ వైద్యుని ఆధ్వర్యంలో పని మొదలైంది. కరపత్రాలు పంచి ఊరుకోలేదు. 'మార్తా' మహిళా సంఘం వారు ఊరూరా సమావేశాలు పెట్టి, కొవ్వు తగ్గించి, కూరలు పెంచి వండి చూపారు. రక్తంలో కొవ్వు ఎవరు ఎక్కువ తగ్గిస్తారని ఊళ్ళ మధ్య పోటీలు కూడా జరిగాయి.

పాడి రైతుల గోడు

వెన్న అమ్మకాలు పడిపోతే తమ గతేమిటని పాడి రైతులు ఎదురు తిరిగారు. వారి ఆందోళనలో న్యాయం లేకపోలేదు. బెర్రీ పళ్ళ తోటలకు మారేందుకు ప్రభుత్వం తోడ్పడింది. చలికి తట్టుకునే ఆవజాతి నూనెగింజల సాగు పెరిగి, వెన్న స్థానంలోకి ఆ నూనె వచ్చింది.

నలభై ఏళ్ళు తిరిగేసరికి అక్కడ 35 నుంచి 64 ఏళ్ళ మగవారిలో గుండెజబ్బు మరణాలు నూటికి 80కి పైగా తగ్గాయి. పొగతాగడం తగ్గడం, వైద్యం మెరుగుపడడం కూడా ఇందుకు తోడ్పడ్డాయి. అయితే తొలి దశాబ్దాల ఫలితంలో పెద్ద వాటా తిండి మార్పుదేనని అక్కడి వైద్యులు తేల్చారు.

మన సంగతేమిటి?

2017లో ప్రపంచమంతటా సుమారు కోటీ పది లక్షల మరణాలకు సరైన తిండి లేకపోవడమే కారణమని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఉప్పు ఎక్కువ కావడం, పొట్టుతో కూడిన ధాన్యాలు, పళ్ళు తక్కువ కావడం ఇందులో ముఖ్యమైనవి. మన దేశంలో రోగాల భారంలో సగానికి పైగా తిండి వల్లనేనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో పేర్కొన్నది.

మనకు వెన్న బెడద అంతగా లేదు. మన బెడద వేరు. జొన్న రొట్టె, రాగి సంకటి, కొర్ర అన్నం తిన్న ఇళ్ళలో ఇప్పుడు పూటపూటకూ పాలిష్ బియ్యమే. పప్పు పలచబడింది. కూర తగ్గి ఊరగాయ పెరిగింది. పిల్లల చేతిలో చిప్స్ పొట్లం, చుట్టం వస్తే కూల్ డ్రింక్. బజ్జీల బాణలిలో కాగిన నూనే మళ్ళీ కాగుతున్నది. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఊరగాయ, అప్పడంలోని ఉప్పు కూడా అందులో లెక్కే.

ఇందులో తప్పంతా తినేవారిదే అనడం అన్యాయం. రేషన్ దుకాణంలో ప్రధానంగా దొరికేది బియ్యం. జొన్న, రాగి పండించే రైతుకు గిట్టుబాటు ధర దక్కకపోతే అవి కంచంలోకి ఎలా వస్తాయి? కరేలియాకు మార్తా సంఘం ఉన్నట్లే మనకు ఊరూరా పొదుపు సంఘాలున్నాయి. వంట మార్చడం వారి చేతిలో పని. చిరుధాన్యాలు రేషన్‌లోకి, బడి భోజనంలోకి విరివిగా వచ్చేలా చూడవలసింది ప్రభుత్వం. గ్రామసభలు ఈ విషయమై తీర్మానాలు చేసి పంపడం ఎంతైనా అవసరం. కరేలియాలోనూ కథ ఒక మహజరుతోనే మొదలైంది.