లాంచీ మీద విస్తరి

కార్తికము వచ్చినది మొదలు గోదావరి తేటపడును. వానకాలపు ఎఱ్ఱనీరు దిగిపోయి, ఇసుకతిన్నెలు పైకి తేలి, పాపికొండల నడుమ నది ఇరుకై, కొండనీడలతో నల్లబడి కనిపించు కాలమది. సెలవు దొరకిన చాలును, పిల్లలతోను వృద్ధులతోను కుటుంబములు లాంచీ ఎక్కుటకు రేవులకు తరలిపోవుచుండును. ఆ కొండల సౌందర్యమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది. లాంచీలో పెట్టు భోజనమును గూర్చి మాట్లాడనివారు లేరు గాని, వ్రాసినవారు తక్కువ. నిజమునకు మనవారికి ఆ యాత్రలో సగము ఆనందము అందే కలదు. రేవు విడిచిన కొంతసేపటికే ఇడ్లీల ఆవిరి పై అంతస్తునకు వచ్చును. వెనువెంట పూరీలు, ఉప్మా, గారెలు. మధ్యాహ్నము పులిహోర, పప్పు, వంకాయకూర, సాంబారు, పెరుగు. తిరుగుదారిలో వేడి బజ్జీలు, టీ. అన్నియు టిక్కెట్టులోనే చేరియుండును గనుక, విస్తరి ముందు కూర్చుండుట తప్ప యాత్రికునకు వేరు పనిలేదు. విస్తరిలో ఏమున్నదో అడుగవలసిన పని కూడ లేదనియే అందరి నమ్మకము.

గత శీతకాలమున మా మేనకోడలి కుటుంబముతో నేనును ఆ యాత్ర చేసితిని. ఆమె కుమార్తెకు తొమ్మిదేండ్లు. ఆ బాలికకు గోధుమ పడదు. ఈ ‘పడదు’ అను మాటను మన ఇండ్లలో చాల తేలికగా వాడుదుము. ఒకరికి వంకాయ పడదు, ఒకరికి పెరుగు పడదు. పెండ్లి భోజనములో మాత్రము రెండును పడును. ఈ పడకపోవుట అట్టిది కాదు. వైద్యులు దీనిని సీలియాక్ వ్యాధి అందురు. తల్లి ముందుగనే జాగ్రత్తపడి, లాంచీ వెనుక భాగమున ఉన్న వంటగదికి పోయి మేస్త్రిని అడిగినది. ఆయన అరువది దాటిన మనిషి, మాట మన్నన గలవాడు.

“బాబాయిగారూ, మా పాపకి గోధుమ తగలకూడదండి. ఏం పెట్టొచ్చో మీరే చెప్పండి.”

“ఒంట్లో బాగోదాండి పాపగారికి? అయితే నూనె వస్తువులొద్దులెండి. ఉప్మా పెట్టిస్తాను, తేలిగ్గా ఉంటది. గోధుమనూకతోనే చేశానండి.”

నాకు నవ్వు వచ్చినది గాని, తల్లి నవ్వలేదు. మరల విడమరచి చెప్పినది. ఆయన శ్రద్ధగా విని, పూరీ వద్దు, ఉప్మా వద్దు, గారె మినపపిండిదే గనుక తినవచ్చును, అన్నము పప్పు తినవచ్చును అని తేల్చెను. “పప్పులో గోధుమెందుకుంటాదండి?” అనెను. ఆయన అబద్ధమాడలేదు. బాలిక ఉదయము రెండు గారెలు తిన్నది. మధ్యాహ్నము పప్పుతోను సాంబారుతోను అన్నము తిన్నది. పేరంటాలపల్లిలో గుడి చూచి తిరిగి లాంచీ ఎక్కునప్పటికి కడుపు పట్టుకొని తల్లి ఒడిలో ముడుచుకొన్నది. రెండు పర్యాయములు వాంతి అయినది. చుట్టును నీరు, ఇరుప్రక్కల కొండలు. రేవు చేరుటకు ఇంకను గంటలు పట్టును. పూరీలు వేగిన మూకుడులోనే, ఆ నూనెలోనే, గారెలును వేగినవని అప్పుడు తెలిసినది.

గోధుమలో గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. పూరీపిండి సాగుటకును, రొట్టె పొంగి నిలుచుటకును అదియే కారణము. యవలలోను, రై అను శీతలదేశపు ధాన్యములోను దాని జ్ఞాతులే ఉన్నవి. జనులలో అధికసంఖ్యాకులకు దానివలన ఏ హానియు లేదు. కాని పుట్టుకతోనే ఒక విధమైన శరీరతత్త్వము గల కొందరిలో, గ్లూటెన్ లోపలికి పోయినపుడు, రోగములతో పోరాడవలసిన రక్షణశక్తియే చిన్నప్రేవుల లోపొరపై తిరుగబడును. ఆహారసారమును పీల్చుకొను సన్నని నూగువంటి నిర్మాణములు అరిగి చదునగును. అప్పుడు ఎంత తినినను ఒంటికి పట్టదు. బిడ్డ ఎదుగదు, నెత్తురు పలుచబడును, ఎముకలు బలహీనపడును. దీనికి మందు లేదు. జీవితాంతము గ్లూటెన్‌ను మానుటయే చికిత్స. ‘ఒక్క ముక్కకేమగును’ అను మన మర్యాద ఇచట చెల్లదు. గ్లూటెన్ లేనిదని చెప్పి అమ్ము ఆహారములో అది కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు నిబంధనము. ఇరువది మిల్లీగ్రాములనగా చిటికెడు ఉప్పుకన్న చాల తక్కువ.

ఈ సంగతి లోకమునకు తెలిసినది ఇటీవలనే. అమెరికాలో సిడ్నీ హాస్ అను వైద్యుడు 1924లో ఈ రోగపు పిల్లలకు అరటిపండ్లు ప్రధానాహారముగా పెట్టి బాగుచేసెను. అరటిపండులోనే ఔషధగుణమున్నదని ఆయన తలచెను. రావులపాలెము గెలల సంతను ఎరిగిన మనకు ఆ మాట వినుటకు ఇంపుగానే ఉండును గాని, మేలు చేసినది అరటి కాదు, అరటి వచ్చి కూర్చున్న చోటనుండి గోధుమ లేచిపోవుట. దానిని నిరూపించినవాడు హాలెండు దేశపు బాలవైద్యుడు విలెం కారెల్ డికె. ఆయన అంతకుముందునుండియే గోధుమను అనుమానించుచుండెను. రెండవ ప్రపంచయుద్ధపు చివరి శీతకాలమున, 1944–45లో, ఆ దేశమున ఘోరమైన కరవు వచ్చినది. రొట్టె దొరకక జనులు తులిప్ దుంపలు ఉడికించుకొని తినిరి. దేశమంతయు చిక్కి శల్యమగుచుండగా ఈ రోగపు పిల్లలు మాత్రము తేరుకొనిరి. రొట్టె తిరిగి వచ్చినంతనే మరల జబ్బుపడిరి అందురు. 1950లో ఆయన తన సిద్ధాంతగ్రంథమున ఈ విషయమును స్థాపించెను.

ఇక మన సంగతి. వరిసీమయైన ఈ డెల్టాలో గోధుమ నిన్నమొన్నటి అతిథి. 1956లో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందము కుదిరిన పిమ్మట ఓడలమీద వచ్చిన గోధుమ ఊరూర రేషను దుకాణములకు చేరిన కాలమును మా పెద్దలు చెప్పగా వింటిని. అతిథిగా వచ్చినది వైద్యుని వేషము కట్టినది. చక్కెర జబ్బన్న రాత్రి చపాతీ. జ్వరమన్న పాలు రొట్టె. నీరసమన్న నూక జావ. మా మేస్త్రి, బిడ్డకు బాగోదనగానే గోధుమ ఉప్మా చూపుటలో ఆశ్చర్యమేమున్నది? డెల్టాలో పెరిగిన ఎవనిని అడిగినను ఆ జవాబే చెప్పును. మైసూరు బజ్జీలో మైదా, సేమ్యా పాయసములో గోధుమ, బొబ్బట్టు పైపొరలో మైదా, తాపేశ్వరపు కాజా మడతలలో మైదా. అన్నవరము కొండమీద ఆకుపొట్లములో ఇచ్చు స్వామి ప్రసాదము కూడ గోధుమనూకతో చేసినదే. మా మేనకోడలి కూతురు దానిని కన్నులకద్దుకొని తమ్మునకు ఇచ్చివేయును. ఆ పిల్ల అట్లు ఇచ్చునపుడు ఎవరును దానివంక చూడరు. చూచిన ఏడ్చునేమోనని భయము.

అయినను గోధుమ లేని భోజనము మనకు కొత్తగా ఎవరో నేర్పవలసినది కాదు. ఇడ్లీ, పెసరట్టు, దిబ్బరొట్టె, పొట్టిక్కలు, పులిహోర, పాలతాలికలు, అరిసెలు, సున్నుండలు, ఇవన్నియు గోధుమ గడప తొక్కకముందునుండి ఉన్నవి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురపు పూతరేకు కాగితమువలె కనిపించును గాని, అది బియ్యపు పాలతో కాల్చిన రేకు. పట్టణపు దుకాణములలో గ్లూటెన్ లేదను ముద్రవేసి మూడింతల వెలకు అమ్ము బిస్కత్తులకన్న ఇవి ఏ విధమున తక్కువ? లోపము వంటలలో లేదు. ఒకే మూకుడు, ఒకే గరిటె, ఒకే నూనె, లోపమంతయు అచటనే.

ఇచట నాకొక పాత సంగతి గుర్తుకు వచ్చుచున్నది. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై, కాలువలు పారిన తరువాత, ఈ ప్రాంతమున ప్రయాణమనగా పడవ ప్రయాణమే. రాత్రియంతయు పడవ సాగును. మడి పాటించువారు తమ గిన్నెలు, తమ బియ్యము, తమ ఉప్పుపొట్లము సయితము వెంట తెచ్చుకొందురు. లేదా రేవున దిగి వండుకొందురు. ఎవరు వండిరి, ఏ చేయి తగిలినది, ఏ గరిటె ఎందులో మునిగినది అను ప్రశ్నలకు ఆనాటి వంటవారు తడుముకొనకుండ జవాబు చెప్పగలిగెడివారు. అంత నిశితమైన ఎరుకను మనవారు మనుష్యులను దూరముగా కూర్చుండబెట్టుటకు వ్యయము చేసిరి. ఆ అన్యాయము పోవలసినదే. పూర్తిగా పోయినదని చెప్పుటకు ఇప్పటికిని నాకు నోరు రాదు. కాని దానితోపాటు గరిటెను గూర్చిన ఆ ఎరుకయు పోయినది. ‘అంటు’ అను మాటకు నిజమైన శాస్త్రార్థము ఒకటి ఉన్నదని, అది పూరీనూనెలో వేగిన గారెకు తగునుగాని మనిషికి తగదని, ఆ పిల్ల కడుపునొప్పి నాకు నేర్పినది.

అతిథిమర్యాదకు ఈ సీమలో డొక్కా సీతమ్మగారిని మించిన పేరు లేదు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లి లంకల గన్నవరమున నది దాటి వచ్చు బాటసారులకు వేళగాని వేళలయందును అన్నము పెట్టెను. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ప్రభుత్వము ఆమె పేరు పెట్టినది. ఆమె ఇంట వచ్చినవానిని ‘ఏ వేళ ఇది’ అని అడుగలేదు. నేటి అతిథిమర్యాదకు ‘నీకు ఏది పడదు’ అని అడుగుటయు చేర్చవలసియున్నది. బలవంతముగా వడ్డించుటయే ప్రేమయని నమ్మిన మనకు ఇది కొంచెము కష్టమే.

2022 జూన్‌లో విశాఖపట్టణపు రేవునుండి పుదుచ్చేరి, చెన్నపట్టణముల వైపు ఒక పెద్ద విహారనౌక బయలుదేరినపుడు మన పత్రికలన్నియు దాని వైభవమును వర్ణించినవి. అట్టి నౌకలలో సముద్రయాత్రికుడు టిక్కెట్టు కొనునాడే తనకు గోధుమ పడదని వ్రాసి ఇచ్చుట పరిపాటి. పెక్కు నౌకలలో భోజనశాల అధికారి ముందురాత్రియే మరునాటి వంటల పట్టీ తెచ్చి చూపి, ఏది కావలెనో గుర్తుపెట్టించుకొని, వేరుగా వండించును. మన లాంచీకి అంత హంగు అక్కరలేదు. తెల్లవారుజామున మొదటి వాయి ఇడ్లీ గోధుమ తగులని చేతితో తీసి వేరుగా మూతపెట్టుట, గారెలకు వేరు మూకుడు, ఒక గరిటెకు రంగుదారము కట్టి గుర్తుపెట్టుట, ఇంతే. ఖర్చు చూచిన ఒక మూకుడు ధర.

అడుగుట ఎట్లందురా? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద లాంచీ మునిగి ఎన్నో కుటుంబములు తమవారిని గోదావరిలో పోగొట్టుకొన్నవి. ఆ తరువాత చాలకాలము లాంచీలు నిలిచిపోయి, అనుమతులు కట్టుదిట్టము చేసిన పిమ్మటనే తిరిగి నడచినవి. నేడు లాంచీ ఎక్కు ముందు పేర్లు వ్రాసికొందురు, లైఫ్ జాకెట్టు తొడిగింతురు. అంత దుఃఖమునకు ఈ చిన్న కష్టమును సరితూచుట నా ఉద్దేశము కాదు. ఆ పేర్ల జాబితా ఉన్నది గదా, దానిలో ప్రతి పేరునకు ఎదురుగా మరియొక గడి గీయవలెనని మాత్రమే నా కోరిక. లాంచీ రేవు విడిచినచో మరొక వంటశాల లేదు, మరొక దుకాణము లేదు. అడుగవలసిన చోటు ఒడ్డు.

ఆనాటి ప్రయాణపు చివరి సంగతి చెప్పలేదు. బజ్జీల పళ్ళెములు తిరిగిన తరువాత మేస్త్రి మా దగ్గరకు వచ్చి, నిద్రపోవుచున్న బిడ్డను చాలసేపు చూచెను. ఆయన చేతిలో చిన్న ఇంగువ డబ్బా ఉన్నది. పప్పులో, సాంబారులో, పులిహోరలో తాను వేసిన సరుకులన్నియు మనసులో ఒక్కొక్కటిగా తిరగవేసికొనగా ఇది మిగిలినదట.

“నాకీ అక్షరాలు ఆనవండి. ఇందులో ఏం కలిపారో చదవండమ్మా.”

మా మేనకోడలు డబ్బాను వెలుతురువైపు త్రిప్పి చదివినది. అసలు ఇంగువ ఒక చెట్టు జిగురు. ఘాటు పట్టలేక దానిలో పిండి కలిపి అమ్ముదురు. కొందరు బియ్యపుపిండి కలుపుదురు. ఈ డబ్బా మీద మైదా అని ఉన్నది.

ఆయన తలపాగ తీసి ముఖము తుడుచుకొనెను. వంటగదిలోనికి పోయి, మరల రెండు పొట్లములు పట్టుకొని వచ్చెను.

“ఇది సెనగపిండండి, ఇది కారం. ఇవీ చదివి చెప్పండి.”