రౌతుకు గుర్రం సొంతమై ఉండాలా?

గుర్రపు స్వారీ అనగానే మన విద్యార్థి లోకానికి నవ్వు వస్తుంది. అది నాటి నవాబులకూ, నేటి సాఫ్ట్‌వేర్ దొరలకూ చెందిన ముచ్చట అని మన అభిప్రాయం. హైటెక్ సిటీ రోడ్ల మీద మనకు గుర్రం కనిపించేది పెళ్ళి ఊరేగింపులో, పెళ్ళికొడుకు కింద! స్వారీ నేర్పే క్లబ్బులు నగరం చుట్టూ లేకపోలేదు. కాని ప్రతి ఖర్చునూ మెస్ బిల్లుతో పోల్చి చూసుకునే మాబోటివాళ్ళం వాటి గేటు దగ్గరే ఆగిపోతాం.

అలాగని గుర్రం కొనుక్కోమని నేననడం లేదు. రైతు బిడ్డగా చెబుతున్నాను, పశువును కొనడం ఒక ఎత్తు, మేపడం పది ఎత్తులు. 400 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 8 కిలోల ఎండుమేత కావాలి. ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కించి నాడాలు మార్పించాలి. పైగా వాంతి చేసుకోలేని జంతువది. కడుపునొప్పి వచ్చిందంటే ప్రాణం మీదికే వస్తుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు ఊరికే అనలేదు.

మరి ఎడ్లు లేని రైతు ఏం చేస్తాడు? పక్కవాడి కాడిని రెండు రోజులు అడిగి తెచ్చుకుంటాడు, వాడి చేలో కూలి చేసి బాకీ తీర్చుకుంటాడు. స్వారీకి మాత్రం ఆ పద్ధతి ఎందుకు పనికిరాదు? తెల్లవారుజామున శాల ఊడ్చి, మేత వేసి, మాలీసు చేసే కుర్రాళ్ళకు వారానికి రెండు గంటల స్వారీ ఇస్తే క్లబ్బుల సొమ్మేం పోతుంది?

అంతకన్నా మంచి దారి ఒకటుంది. ఎన్.సి.సి.లో రిమౌంట్ అండ్ వెటర్నరీ అనే విభాగముంది. సర్కారు గుర్రాల మీద కేడెట్లకు స్వారీ నేర్పుతారు. ఇవి సాధారణంగా పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఉంటాయి. మనకు రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. సైన్సు విద్యార్థులకూ ఆ అవకాశం ఇమ్మని మన సంఘం అడగాలి. ఆర్కెస్ట్రాకు వెచ్చించే శ్రద్ధలో సగం చాలు.

ఇక వేట సంగతి. 1972 వన్యప్రాణి చట్టం, 1991 సవరణ తర్వాత వినోదానికి వేటాడే రోజులు పోయాయి. పోవాల్సిందే. నిజాం వేటాడిన చోటే నేడు వనస్థలిపురం జింకల పార్కు. చేతులు ఊరుకోకపోతే, పరుగెత్తే గుర్రం మీంచి బల్లెంతో నేలలోని గుంజను పెకలించే ఆట ఉంది, ఆడండి. అడుగుజాడలు పట్టి జింకను చూసి, నోటుబుక్కులో రాసుకుని రావడమూ వేటే. కాని చూడటానికి జింక మిగలాలి కదా! 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి వచ్చినవి బల్లేలు కావు, బుల్డోజర్లు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నాక గాని అవి ఆగలేదు. కంచ అంటే మా ఊళ్ళో పశువులు మేసే బీడు. గుర్రం పరుగెత్తాలన్నా అదే కావాలి, అద్దాల మేడల మధ్య తారు రోడ్డు కాదు.

ఎన్.సి.సి. అధికారులకు సంఘం దరఖాస్తు రాస్తే మొదటి సంతకం నాది. లద్దె ఎత్తడం నాకెవరూ నేర్పనక్కరలేదు.